క్రమశిక్షణా, కిరాయి సైకిలూ

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నెలరోజులుగా నా వెంట పడుతున్నాడు. కథ వ్రాయడం నాకు రాదు. కవిత్వమంటే భయం. (మన సావనీరులో కవితలకు కొదవ లేదు గనుక ఆ విషయంలో పాఠకులు నాకు కృతజ్ఞులై ఉండాలి.) "నీకు తెలిసిందేదో అదే వ్రాయరా బాబూ" అన్నాడు చివరికి. నాకు తెలిసింది లెఫ్ట్ హాఫ్‌లో నిలబడి అవతలివాడి బంతిని ఆపడం, ఆపిన బంతిని ముందున్నవాడికి అందించడం. అంచేత ఫుట్‌బాల్ గూర్చే వ్రాస్తున్నాను. అయితే గోల్స్ గూర్చి కాదు. ఆటగాళ్ళకూ, వాళ్ళను నడిపించే పెద్దలకూ మధ్య వచ్చే తగాదాల గూర్చి. జాతీయ జట్టులో వచ్చినా, మా ఊరి పిల్లలు ఆడే జట్టులో వచ్చినా ఆ తగాదా ముఖకవళికలు ఒక్కటే అని నా అనుమానం.

మాది దుండిగల్. విమానాల ఊరు. 1971 నుంచి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అక్కడ నడుస్తున్నది. మా పక్క పిల్లలకు కోడి కూతకన్నా ముందు విమానం చప్పుడు తెలుస్తుంది. క్రమశిక్షణ అన్న మాట వస్తే చాలు, మా ఊళ్ళో పెద్దలు ఆ గోడవైపు చెయ్యి చూపిస్తారు. "గాళ్ళను చూసి నేర్చుకోవాలె బిడ్డా. గడియారం తప్పినా గాళ్ళు తప్పరు" అని మా తాత ఇప్పటికీ అంటాడు. నిజమే. కాని గోడ లోపల ఉన్న కుర్రవాడు తెల్లవారుజామున పరుగెత్తాలంటే వాడికి మంచం ఉంది, బూట్లు ఉన్నాయి, పరుగెత్తి వచ్చాక తిండి ఉంది. గోడ బయట ఉన్న మాకు పరుగెత్తమని చెప్పేవాళ్ళు మాత్రమే ఉన్నారు. ఈ మాట తాతతో అంటే "నోరు బాగ లేస్తుంది నీకు" అంటాడు గనుక సావనీరులో వ్రాసుకుంటున్నాను.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పుడు సినిమా వచ్చింది గనుక చాలామందికి తెలుసు. 2024లో 'మైదాన్' చూసి వచ్చిన మిత్రులు కొందరు "ఆయన నిజంగా హైదరాబాద్ మనిషేనా?" అని నన్నడిగారు. నిజంగానే. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పంతులుగా పనిచేసిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు 1950లో కోచ్ అయ్యాడు. ఆ యేటినుంచి 1954 దాకా, వరుసగా 5 సార్లు, బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చినా కోచ్ రహీం సాబే.

ఆయన కఠినుడు. ఇందులో రెండో మాట లేదు. బంతిని ఒక్కసారే తాకాలి, బలహీనమైన కాలితోనే కొట్టాలి, డ్రిబ్లింగ్ అసలు చేయరాదు అని నియమాలు పెట్టి పోటీలు నడిపాడు. డ్రిబ్లింగ్ లేని ఆటంటే మన కుర్రాళ్ళకు పండుగనాడు ఉపవాసం లాంటిది. అయినా ఆడారు. ఎందుకు ఆడారు? భయంతోనా? భయం ఒక సీజను పనిచేస్తుంది, 13 యేళ్ళు పనిచేయదు.

దీనికి జవాబు నాకు రహీం సాబ్ జీవితంలో కాదు, తులసీదాస్ బలరాం జీవితంలో దొరికింది.

బలరాం మనవైపు మనిషి. 1936లో సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. మా దుండిగల్ నుంచి కొంపల్లి, బొల్లారం మీదుగా పోతే అమ్ముగూడ వస్తుంది. ఇంట్లో పేదరికం. బూట్లు కొనలేక, పాత పోలీసు బూట్లనుంచి తోలు తీయించి, చెప్పులు కుట్టేవానికి 2 రూపాయలిచ్చి ఆట బూట్లు చేయించుకొన్నాడట. అతని ఆట రహీం సాబ్ కంటబడింది. ప్రాక్టీసుకు రమ్మన్నాడు. అంత దూరం రోజూ రావడానికి నా దగ్గర పైకం లేదని బలరాం ఉన్నమాట చెప్పాడు. మన మేనేజర్లయితే ఇక్కడ ఏమంటారో మీకు తెలుసు. "ఇంట్రెస్టు ఉన్నవాడు ఎట్లయినా వస్తడు" అంటారు. రహీం సాబ్ మాత్రం సైకిలు కిరాయికి తీసుకొమ్మని రోజుకు ఒక రూపాయి ఇచ్చాడు. ముసలితనంలో కూడా బలరాం ఈ సంగతి పత్రికలవాళ్ళకు చెప్పేవాడు. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ రెండూ ఆడినవాడు, 1960 రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టినవాడు, 1962లో అర్జున అవార్డు పొందినవాడు, అన్నీ చెప్పి మళ్ళీ ఆ రూపాయి దగ్గరకే వచ్చేవాడు.

ఆ రూపాయి దానం కాదు. కోచ్ ఆటగాడితో కుదుర్చుకొన్న ఒప్పందం. నీ దారి ఖర్చు నాది, ఇక నువ్వు ఆలస్యంగా వస్తే తప్పు నీది. రూపాయి ఇచ్చిన తర్వాతే రహీం సాబ్‌కు గడియారం చూసే హక్కు వచ్చింది. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఆయన కోచ్ మాత్రమే కాదు, 1940ల నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. అంటే ఈల ఊదే మనిషే లెక్కల పుస్తకం కూడా వ్రాసేవాడన్నమాట. ఆటగాడు అలిగితే పోయి చెప్పుకొనేదీ ఆయనకే, శిక్ష వేసేదీ ఆయనే. ఒకే మనిషి చేతిలో ఇంత పెత్తనం ఉండడం మంచిదా అని మీరడగవచ్చు. మామూలుగా మంచిది కాదు. ఆయన రహీం సాబ్ గనుక నడిచింది.

జకార్తాలో జరిగింది చూడండి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండ్ మీద ఆడుతుండగా జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ స్టాపర్. రహీం సాబ్ అతణ్ణి సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు! కుట్లు వేసిన తలతో వెనక ఆడేవాణ్ణి ముందు ఆడమంటే యే ఆటగాడైనా ఒక్క ప్రశ్న వేస్తాడు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. సెమీఫైనల్లో గోలు కాచిన ప్రద్యోత్ బర్మన్‌ను పక్కన పెట్టి, జ్వరంనుంచి లేచిన మన హైదరాబాద్ పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు తీసుకొన్నాడు. గోలీని సరిగ్గా ఫైనల్ ముందు మార్చడమంటే జట్టు రెండు ముక్కలు కావడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. కాలేదు. బయట స్టేడియం నిండా ఇండియాను గేలి చేసే జనం. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆటలకు రానీయకపోవడం తప్పని మన జి.డి. సోంధీ అన్నందుకు అక్కడివాళ్ళకు మనమీద కోపం. 1962 సెప్టెంబర్ 4న అదే కొరియాను 2-1తో గెలిచారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు.

ఆయన పోయాక హైదరాబాద్ ఆటగాళ్ళకు క్రమశిక్షణ పోయిందని మన పెద్దలు కొందరంటారు. నేను ఒప్పుకోను. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ మన హైదరాబాద్‌వాడు. అదే జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ మనవాడే. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని ఆటనే పనిగా చేసుకొన్న మనిషి హబీబ్. 1977లో పెలే కాస్మాస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టి 2-2తో నిలిపినవాళ్ళలో ఒకడు. వీళ్ళకు క్రమశిక్షణ నేర్పవలసినవాడెవడు? నయీం తర్వాత 1997లోనూ, మళ్ళీ 2005లోనూ జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ ఉన్నవాడు. రహీం సాబ్ లాగానే కఠినుడని పేరు. కాని రోజులు మారాయి. ఇప్పుడు ఈల కోచ్ చేతిలో ఉంటుంది, బీరువా తాళం ఫెడరేషన్ దగ్గర ఉంటుంది, ఆటగాడి జీతం క్లబ్బు దగ్గర ఉంటుంది. కిరాయి సైకిలు రూపాయి ఎవరివ్వాలో ముగ్గురికీ తెలియదు. పొద్దున్నే రాకపోతే తిట్టడం మాత్రం ముగ్గురికీ తెలుసు.

ఇక మా సంగతి. పేర్లు వ్రాయను. జట్టు పేరు కూడా వద్దు, అడగవద్దు.

మూడేళ్ళ క్రితం నేనొక లీగు జట్టుకు కెప్టెన్‌ను. టోర్నమెంటుకు ముందు 12 రోజుల క్యాంపు పెట్టారు, సిటీ దగ్గర గ్రౌండులో, పొద్దున 6 గంటలకు. మా దుండిగల్, గండిమైసమ్మ పిల్లలం ఐదుగురం. ఛార్జీలకు రోజుకు 60 రూపాయలు ఇస్తామన్నారు. మూడు రోజులు ఇచ్చారు. నాలుగోనాడు అడిగితే "వస్తయ్, యాడికి పోతయ్" అన్నారు మేనేజరు గారు. ఎటూ పోలేదు, రాలేదు కూడా. ఆరోనాటికి ముగ్గురు రావడం మానేశారు.

మా స్టాపర్‌కు జీడిమెట్లలో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ. దిగేసరికి ఆరు. అంతకు ముందు ఆటోలో పడి ఎట్లాగో వచ్చేవాడు, డబ్బులు ఆగేసరికి వాడూ ఆగాడు. గోలీ వాళ్ళమ్మ కూరగాయలు అమ్ముతుంది. ఆమెను రోజూ ఛార్జీలడగడానికి వాడికి మొహం చెల్లలేదు. మూడోవాడు రైట్ వింగ్. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. ఆయన మెదక్‌లో దోస్తు పెళ్ళికి పోయి మూడు రోజులు బ్యాండు ముందర ఎగిరి వచ్చాడు.

క్యాంపు అయిపోయేనాడు మేనేజరు గారు ఒక టైపు కాగితం తెచ్చారు. ముగ్గురూ క్రమశిక్షణను ఉల్లంఘించినారు గావున జట్టునుంచి తొలగించడమైనది. కింద కెప్టెన్ అని నా పేరు.

"దస్కత్ పెట్టు. కెప్టెన్ దస్కత్ ఉంటే కమిటీల మాట రాదు."

"రేపు పొద్దుగాల ఇస్త సార్" అన్నాను.

ఆ రాత్రి కాగితం పట్టుకొని మిద్దె మీద కూర్చున్నాను. పెట్టకపోతే ముగ్గురితోపాటు నేనూ పోతాను. పెడితే ఇద్దరికి అన్యాయం. అసలు పెట్టనని చింపేస్తే మా అన్న చేసింది కూడా న్యాయమైపోతుంది. కార్మిక సంఘంలో పనిచేసిన మా చిన్నాయనను అడిగితే "ముగ్గురూ ఒక్కటిగ నిలబడాలె, ఒక్కణ్ణి ఇడిసిపెడితే అందరు పోతరు" అన్నాడు. ఆయన మాటలో బలం ఉంది. కాని నేను పొద్దున్నే నాలుగున్నరకు లేచి పోయినవాణ్ణి. ఛార్జీలు రాని నాడు కూడా పోయినవాణ్ణి. రాత్రంతా మిషను మీద నిలబడినవాడికీ, బ్యాండు ముందర ఎగిరినవాడికీ ఒకే పేరు పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

దస్కత్ పెట్టవలసిన చోట నాలుగు వరుసలు వ్రాశాను. స్టాపర్, గోలీ రాకపోవడానికి కారణం 9 రోజుల ఛార్జీలు, తలా 540 రూపాయలు బాకీ ఉండడం. రైట్ వింగ్ చెప్పకుండా పెళ్ళికి పోయినాడు. మొదటి ఇద్దరి విషయంలో తప్పు జట్టుది, మూడోవాని విషయంలో తప్పు ఆటగానిది. కింద నా సంతకం, తేదీ.

మేనేజరు గారు చదివి, "నేనడిగింది దస్కత్, నువ్విచ్చింది దావా" అన్నారు. నలుగురినీ తీసేశారు.

జట్టు రెండో రౌండులో ఓడింది. మేము లేకనే ఓడిందని చెప్పుకోవాలని సరదాగా ఉంటుంది గాని అది అబద్ధం. మాకు బదులు వచ్చిన గోలీ మావాడికన్నా మంచివాడు. స్టాపర్, గోలీ ఇప్పటికీ నన్ను చూస్తే చాయ్ తాగుదాం రమ్మంటారు. మా అన్న మాత్రం మాట్లాడడు. "బయటోళ్ళను కాపాడిండు, ఇంటోణ్ణి పట్టించిండు" అని పెద్దమ్మతో అన్నాడట. బోనాలకు పోతే పెద్దమ్మ నాకు అన్నం పెడుతుంది, ఆయన పళ్ళెం తీసుకొని బయట అరుగు మీద కూర్చుంటాడు. ఆ నాలుగు వరుసలు ఇప్పుడు వ్రాయమన్నా అట్లాగే వ్రాస్తాను. అరుగు వైపు చూడకుండా అన్నం తినడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఆ తర్వాతే నాకు ప్రపంచంలో ఇలాంటి తగాదాలు వెతికి చదివే పిచ్చి పట్టింది. 2002 ప్రపంచకప్పుకు ముందు ఐర్లండ్ జట్టు సైపాన్ ద్వీపంలో క్యాంపు పెట్టింది. ప్రాక్టీసు సామాను సమయానికి రాలేదు, గ్రౌండు రాయిలాగా ఉంది. కెప్టెన్ రాయ్ కీన్ పత్రికతో ఆ మాటే చెప్పాడు. కోచ్ మిక్ మెకార్తీ అందరి ముందర నిలదీశాడు, కీన్ నోటికొచ్చినట్లు తిట్టాడు, ఇంటికి పంపేశారు. దేశం రెండుగా చీలింది. తర్వాత ఐర్లండ్ సంఘమే బయటివాళ్ళతో విచారణ చేయిస్తే, ఏర్పాట్లలో సంఘం లోపాలున్నాయని తేలింది, ప్రధాన కార్యదర్శి రాజీనామా చేశాడు. తిట్లు కీన్‌వి, గ్రౌండు సంఘానిది. రెండూ వేరు వేరు వరుసల్లో వ్రాయవలసిన సంగతులు.

2014లో ఘానా ఆటగాళ్ళు బ్రెజిల్‌లో తమకు రావలసిన పైకం చేతికిస్తేనే గాని ఆడమన్నారు. సర్కారు విమానంలో 30 లక్షల డాలర్ల నగదు పంపింది! వినడానికి సిగ్గుచేటే. కాని అంతకుముందు వాగ్దానాలు ఎన్నిసార్లు గాలికి పోతే వాళ్ళు నోట్లే కావాలని ఉంటారు? అదే జట్టులో ముంటారి ఒక అధికారి మీద చెయ్యి చేసుకొంటే, బోటెంగ్ కోచ్‌ను తిడితే, ఇద్దరినీ ఇంటికి పంపారు. అది సరైన పనే. బాకీ ఉన్నవాడికి కొట్టే హక్కు లేదు. 2010లో ఫ్రాన్స్ జట్టు బస్సులోనుంచి దిగకుండా ప్రాక్టీసు మానేసిన కథ కూడా చదివాను గాని, అక్కడ ఎవరి పక్షాన నిలబడాలో నాకు ఇప్పటికీ తోచదు. కోచ్‌ను తిట్టిన అనెల్కాను పంపేశారని అలిగారు. ఇది మా అన్న పెళ్ళి కథలాంటిది.

మన సంగతికి వస్తే 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ ఉన్నది. అప్పుడే ఐఎస్ఎల్ మొదలవుతున్నది గనుక క్లబ్బులు ఆటగాళ్ళను వదలలేదు. ఫెడరేషనూ, లీగూ, క్లబ్బులూ చివరిదాకా బేరమాడుకొని ఒక జట్టును కూర్చారు. 39 యేళ్ళ సునీల్ ఛెత్రీ బయలుదేరాడు. జట్టు సాయంత్రం చైనాలో దిగింది, మర్నాడు సెప్టెంబర్ 19న చైనాతో ఆడింది, 5-1తో ఓడింది. ఆ కుర్రాళ్ళలో ఎవడైనా క్యాంపుకు ఒకరోజు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. జట్టు మొత్తాన్ని ఆలస్యంగా పంపినవాళ్ళకు మాత్రం ఏమీ కాలేదు. అయినా ఆ జట్టు తర్వాతి రౌండుకు పోయింది సుమా.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ మన కళ్ళ ముందరిదే. 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచింది, నగరమంతా పండుగ. రెండేళ్ళు తిరగకముందే జీతాలు ఆగాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో మొత్తం మీద ఒక్క ఆట గెలిచి అడుగున నిలిచింది. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయింది. జీతం రాక పోయినవాళ్ళను కూడా "మధ్యలో విడిచిపోయారు" అన్నవాళ్ళను మన క్యాంటీనులోనే విన్నాను.

బలరాం కూడా ఇట్లాగే మనసు విరిగినవాడే. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, 1961లో కెప్టెన్ అయ్యాడు. జబ్బు చేసి 27 యేళ్ళకే ఆట మానవలసి వచ్చింది. క్లబ్బు పెద్దల మీద కినుక చివరి రోజుల దాకా పోలేదు. హుగ్లీ పక్కన ఉత్తరపారాలో పెళ్ళి లేకుండా ఒంటరిగా బ్రతికి, 2023 ఫిబ్రవరి 16న 86 యేళ్ళకు పోయాడు. హబీబ్ కూడా అదే సంవత్సరం ఆగస్టు 15న పోయాడు.

ఇక నా మనవి ఒకటి ఉన్నది. వచ్చే నెల మన జట్టు అంతర కళాశాల పోటీలకు పోతుంది. సంఘం క్రీడా కార్యదర్శి గారు ఈ వ్యాసం చదివితే, బయలుదేరకముందే ఒక కాగితం వ్రాయించమని కోరుతున్నాను. ఎడమ వైపున ఆటగాడు చేయవలసినవి: ఎన్ని గంటలకు రావాలి, రాకపోతే ఎవరికి చెప్పాలి, ఎన్నిసార్లకు తీసేస్తారు. కుడి వైపున జట్టు ఇవ్వవలసినవి: ఛార్జీ ఎంత, తిండి ఎంత, ఏ తేదీకి, ఎవరి చేతినుంచి. రెండు వైపులా సంతకాలు. దానిని క్యాంటీను పక్కన నోటీసు బోర్డుకు అంటించాలి. బోర్డు మీద పిన్నులు ఎప్పుడూ ఉండవు, అవి నేను తెస్తాను.